రోడ్డు మీద వినపడాలి

పాఠం చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గదు. పక్క సీట్లో స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఎదురుగా వస్తున్న లారీని చూసి కొయ్యబారిపోయినా, గేరు మార్చబోయి నడిరోడ్డు మీద బండి ఆపేసినా, ఆమె మాత్రం "ఏం కాలేదు, క్లచ్ తొక్కి మళ్ళీ మొదలుపెట్టండి" అంటుంది, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా తల తిప్పదు. వాళ్ళూ ఒకప్పుడు ఇలాగే నేర్చుకున్నారు, కాసేపు ఆగుతారు అని సర్దిచెబుతుంది.

మొదట్లో ఆమె అదే డ్రైవింగ్ స్కూల్లో బల్ల వెనక కూర్చుని ఫోన్లు ఎత్తేది. పాఠాలు చెప్పే ఆవిడ ఉన్నట్టుండి మానేసినప్పుడు, నేర్చుకోవడానికొచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి పోతుంటే చూడలేక, యజమానిని అడిగి తనే బండెక్కింది. ఆయన వయసు మీదపడి స్కూలు మూసేసినప్పుడు అక్కడి తెల్ల కారు ఆమెకే వచ్చింది. దాంట్లో ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ఇప్పుడు చుట్టుపక్కల వీధుల్లో ఆమె పేరు చాలామందికి తెలియదు. డ్రైవింగ్ అక్క అంటే చాలు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఆమెకి ఆఫీసంటూ లేదు. ఉన్నదల్లా ఫోనే. ఒకరు ఆస్పత్రి గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు, ఒకరు లైబ్రరీ మెట్ల మీద, ఒకరు బస్టాపులో. ఒకరికి డ్యూటీ ఆలస్యమవుతుంది, ఇంకొకరి పిల్లాడికి జ్వరం తగులుతుంది. పాఠానికీ పాఠానికీ మధ్య బండి పక్కకి ఆపి ఆమె వీళ్ళందరితో మాట్లాడి, ఆ రోజు లెక్కంతా తిరగేసి పెడుతుంది. అలాంటి మనిషి ఫోన్ మూగబోయింది.

పూర్తిగా పోయి ఉంటే తెలిసిపోయేది. ఇది అలా కాదు. నాలుగు మాటలు బాగానే మాట్లాడనిచ్చేది. ఐదో మాట నుంచి అవతలివాళ్ళకి ఆమె గొంతు వినపడేది కాదు. వాళ్ళు హలో హలో అనడం ఆమెకి వినపడుతూనే ఉండేది. మొదట సిగ్నల్ అనుకుంది. ఒక సాయంత్రం ఆస్పత్రి నర్సు డ్యూటీ దిగి ముందు గేటు దగ్గర నిలబడింది. అక్కడ రోడ్డు తవ్వారు, వెనక గేటుకి రా అని ఈమె చెప్పింది. ఆ మాటే ఫోన్ మింగేసింది. ఈమె వెనక గేటు దగ్గర కార్లో, ఆ పిల్ల ముందు గేటు దగ్గర వానలో. చివరికి తడిసి ముద్దయి బస్సెక్కి ఇంటికి పోయింది. మర్నాడు ఒక్క మాట అనలేదు గానీ, పాఠం పొడుగునా తుమ్ముతూనే ఉంది. ఆ తుమ్ములు ఈమెకి ముళ్ళలా గుచ్చుకున్నాయి.

ఫోన్‌కి ఇంకా వారంటీ ఉంది. సర్వీస్ సెంటర్ ఒక చెప్పుల దుకాణం పైన, మేడ మీద. అద్దాల తలుపు, చల్లటి ఏసీ, వరసగా స్టీలు కుర్చీలు. గోడ మీద టీవీలో ఒక కుటుంబం ఆగకుండా నవ్వుతూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటుంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి మెడలో కార్డు వేసుకుని మర్యాదగా మాట్లాడింది. ఫోన్ తీసుకుని, దానికి బదులు అదే రకం ఇంకొకటి తెల్ల అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. పెట్టె మీద కంపెనీ బొమ్మ లేదు. ఇది కొత్తదేనా అని ఈమె అడిగితే, కొత్తదానితో సమానం మేడం అంది. ఈమెకి ఆ సమానం అన్న మాట దగ్గర కాస్త పట్టేసినట్టనిపించింది గానీ, పాఠానికి వేళవుతుంటే తీసుకుని వచ్చేసింది.

ఆ ఫోన్‌కి ఒక వింత జబ్బు. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద వేళ్ళు ఆడుతున్నట్టు దానంతటదే నొక్కుకునేది. ఒక రోజు ఆమె ఒక రిటైరైన లెక్కల మాస్టారికి ఇరుకు సందులో బండి వెనక్కి తియ్యడం నేర్పుతోంది. స్టాండులో ఉన్న ఫోన్ దానంతటదే ఇంటికి కలిసింది. అవతల ఆమె అత్తగారు ఎత్తారు. ఆవిడకి వినపడినది ఇదీ: "భయపడకండి. నేనున్నాను కదా. చేతులు కదపొద్దు. గోడ దగ్గరికొచ్చేశాం, ఇక మెల్లగా వదిలెయ్యండి."

అత్తగారు అమ్మాయీ అమ్మాయీ అని అరిచినా ఇటువైపు ఎవరికీ వినపడలేదు. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి, నీ పెళ్ళాం ఎవరినో గోడ మీంచి దూకకుండా పట్టుకుని ఉంది, పరిగెత్తు అని చెప్పారు. ఆయన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఒక పెద్దమనిషికి అద్దాలు సరిచూస్తున్నవాడు వాటిని ఆయన ముక్కు మీదే వదిలేసి సందు సందూ వెతుక్కుంటూ వచ్చాడు. తీరా చూస్తే మాస్టారు బండిని గోడ వార చక్కగా పెట్టి, ముఖం వెలిగిపోతూ దిగుతున్నారు.

ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర అందరూ నవ్వుకున్నారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. తన గుండె ఆగినంత పనైందన్నారు. భర్త తన మామూలు మాట అన్నాడు, పోనిద్దూ, వేరే ఫోన్ కొనేసుకుందాం అని. ఏ గొడవకైనా ఆయన దగ్గర ఉండే మందు అదే.

"కొనుక్కోవచ్చు," అంది ఆమె. "కానీ ఏడాదిలో పాడైతే బాగున్నది ఇస్తామన్నారు కదా. ఆ మాట నమ్మే కదండీ కొన్నాం. ముందు అది తీసుకుంటాను."

రెండోసారి వెళ్తే రెండో తెల్లపెట్టె ఇచ్చారు. ఈసారి తెర బుద్ధిగానే ఉంది. అయితే అవతలివాళ్ళు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. ఇంట్లో చెవికి గట్టిగా ఆనిస్తే వినపడుతుంది, వీధిలోకొస్తే గుసగుస. ఆమె ఫోన్ పట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. కౌంటర్ అమ్మాయి లోపలికి తీసుకెళ్ళి, కాసేపటికి తిరిగి తెచ్చి, ఇందులో లోపమేమీ లేదు మేడం, మా పరీక్షలో పాసైంది అని చేతిలో పెట్టింది. అన్నీ సరిగా ఉన్న ఫోన్‌ని మార్చడానికి రూల్స్ ఒప్పుకోవట.

ఆమె ఫోన్ తీసుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అనుమానమొచ్చింది. చెవులే మొద్దుబారుతున్నాయా? రోజంతా హారన్ల మధ్య ఉండే మనిషి మరి. ఆ చిరాకు ఆ సాయంత్రం పాఠంలోకి కూడా వచ్చింది. మాస్టారు మలుపు దగ్గర అద్దం చూడడం మరిచిపోతే, "ఎన్నిసార్లు చెప్పాలండీ?" అని కసిరింది. అన్న తరువాత ఆ గొంతు తనదేనా అనిపించింది. ఇన్నేళ్ళలో బండిలో ఎవరినీ ఆమె అలా అనలేదు.

మాస్టారు నొచ్చుకోలేదు. అద్దం చూశారు, సిగ్నల్ వేశారు, బండిని మెత్తగా తెచ్చి చెట్టు నీడన ఆపారు. అంత బాగా ఆయన ఎప్పుడూ ఆపలేదు.

"ఇవాళ నీ మనసు బాగాలేనట్టుందమ్మా. కాసేపు ఆగుదాం," అన్నారు.

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. జరిగిందంతా చెప్పింది. చెబుతుండగానే భర్త ఫోన్ చేశాడు. కిటికీ అద్దం దించి ఉంది, పక్కనుంచి బస్సులు పోతున్నాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. అద్దం ఎత్తేసరికి మాట స్పష్టంగా వినపడింది. ఆమె అద్దం మళ్ళీ దించింది. మళ్ళీ ఎత్తింది. ఫోన్ మాస్టారి చెవి దగ్గర పెట్టి, ఆయన చేత కూడా రెండు రకాలుగా వినిపించింది. అవతల భర్త, మీరిద్దరూ ఏం చేస్తున్నారు అని అడుగుతూనే ఉన్నాడు. లోపం తన చెవుల్లో లేదు. సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేసిన గది చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంటుంది, అంతే. ఆ క్షణం నుంచి ఆమె మళ్ళీ మామూలు మనిషైంది.

మర్నాడు ఉదయం పాఠాలన్నీ మధ్యాహ్నానికి మార్చుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళింది. మేనేజర్‌తో మాట్లాడతానంది. లోపలినుంచి ఒకాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు. అప్పటికే అలిసిపోయిన ముఖం. ఆమె తన సంగతి చెప్పి, ఒక్కసారి కిందికి, రోడ్డు మీదికి వచ్చి ఈ ఫోన్లో వినమని అడిగింది. అలాంటి పద్ధతి లేదన్నాడాయన.

"నేను డ్రైవింగ్ నేర్పుతానండీ," అంది ఆమె. "ఖాళీ మైదానంలో అందరూ బాగానే నడుపుతారు. అంత మాత్రాన నేనెవరికీ వచ్చేసిందని చెప్పను. రోడ్డెక్కించి పక్కన కూర్చుంటాను. మీరూ ఒక్కసారి పక్కన నిలబడండి, చాలు. మీకు వినపడితే నేను మారుమాట లేకుండా వెళ్ళిపోతాను."

ఆయన కుదరదన్నాడు. ఆమె సరేనని పోయి స్టీలు కుర్చీలో కూర్చుంది. అలిగి కూర్చున్నట్టు కాదు, బస్సు కోసం కూర్చున్నంత తీరిగ్గా. గొంతు పెంచలేదు, ఎవరినీ పోగుచెయ్యలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు మీదేమిటమ్మా కష్టం అని అడిగితే చెప్పింది, వాళ్ళదీ వింది. మేనేజర్ అటూ ఇటూ తిరుగుతూ ఆమెను రెండు మూడుసార్లు చూశాడు. ఆఖరికి కౌంటర్ అమ్మాయితో ఏదో చెప్పి, పదండి మేడం అన్నాడు.

చెప్పుల దుకాణం ముందు నిలబడ్డారు. పైనుంచి కౌంటర్ అమ్మాయి ఆఫీసు ఫోన్‌తో చేసింది. మేనేజర్ చెవికి పెట్టుకున్నాడు. రెండో చెవి మూసుకున్నాడు. దుకాణం గోడ వైపు తిరిగాడు. వంగాడు. పైన ఆ అమ్మాయి ఏదో చెబుతూనే ఉంది.

"ఏమంటోందండీ?" అని అడిగింది ఆమె.

ఆయన ఫోన్ దించాడు. "నాకూ వినపడలేదు," అన్నాడు.

తరువాత ఆయనే పైనుంచి ఇంకో తెల్లపెట్టె తెప్పించాడు. ఇక్కడే చూసుకుందామంది ఆమె. దాంట్లో మాట వినపడింది గానీ, తన మాటే తనకి తిరిగొస్తోంది. ఇంకొకటి తెప్పించాడు. దానికి చార్జరు పెడితే నిలవడం లేదు, కాస్త కదిలితే ఊడుతోంది. మేనేజర్ మెట్ల మీద కూలబడ్డాడు. ఇవన్నీ ఎవరెవరో పాడయ్యాయని ఇస్తే బాగుచేసి పంపినవేనని, పైవాళ్ళు పంపినవి ఇవ్వడమే గానీ కొత్తవి ఇచ్చే అధికారం తనకి లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రోజూ మనుషుల చేత మాటలు పడేది మాత్రం తనేనన్నాడు.

ఆమె కూడా మెట్టు మీద కూర్చుంది. "మీ మీద నాకు కోపం లేదండీ. కానీ నేను వినపడలేదంటే వాళ్ళు నమ్మరు. మీరు విన్నారు కదా, మీరు చెప్పండి."

ఆయన అక్కడినుంచే, ఆ హోరులోనే, తన సొంత ఫోన్‌తో పైఅధికారికి చేశాడు. మొదట మెత్తగా మాట్లాడాడు. అవతలినుంచి మళ్ళీ బాగుచేసినదే ఇవ్వమన్నట్టున్నారు. ఆయన ముఖం మారింది. "సర్, నేనే రోడ్డు మీద నిలబడి విన్నాను. వినపడలేదు. ఇలాంటివి నేనింక ఆవిడ చేతిలో పెట్టలేను," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎంతోకాలంగా ఆగి ఉన్నట్టు వచ్చింది. తరువాత చాలాసేపు అవతలివాళ్ళే మాట్లాడారు. ఆయన వింటూ నిలబడ్డాడు గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

కొన్నాళ్ళకి రమ్మని కబురొచ్చింది. పాత రకం తయారీ ఆపేశారట, దాని తరవాతి రకం ఇస్తున్నారు. ఈసారి పెట్టె మీద కంపెనీ బొమ్మ ఉంది, సీలు చెక్కుచెదరలేదు. కౌంటర్ మీదే సీలు విప్పి, ఎవరూ చెప్పకుండానే ఆమె కిందికి దిగింది. రోడ్డు మీద లారీలు, ఆటోలు, బస్సులు. ఫోన్ మోగింది.

"మేడం, ఇప్పుడు వినపడుతోందా? నేను పైన కిటికీ దగ్గరున్నాను."

తలెత్తి చూస్తే కౌంటర్ అమ్మాయి చెయ్యి ఊపుతోంది. ఇటునుంచి ఈమె కూడా ఊపింది. వినపడుతోందమ్మా, ఇంకాసేపు మాట్లాడు అని చెప్పింది. ఆ అమ్మాయి ఇంకేం మాట్లాడాలో తోచక, పొద్దున తను తిన్న టిఫిన్ గురించి, తన బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో దాని గురించి చెప్పుకుంటూ పోయింది. ఒక్క మాట కూడా జారిపోలేదు.

ఆ సాయంత్రం భర్త ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, నీ ఓపికకి దండం పెట్టాలి అన్నాడు. ఓపిక కాదు, నాకిది పనిలో అలవాటే అంది ఆమె.

మరుసటి ఏడు ఆ ఫోన్ ఆమె చేతిలోంచి జారి, బండి తలుపు సందులో పడి, తెర అద్దం పగిలింది. అత్తగారికి కోడలి మీద ఎంత గురి కుదిరిందంటే, వెంటనే పోయి వాళ్ళని నిలదియ్యమన్నారు, కావాలంటే తోడు తనూ వస్తానన్నారు.

"ఇది వాళ్ళ తప్పు కాదత్తయ్యా, నేనే పడేశాను," అంది ఆమె. వీధి చివర బాగుచేసేవాడి దగ్గర డబ్బులిచ్చి కొత్త అద్దం వేయించుకుని, లైబ్రరీ మెట్ల దగ్గర ఎదురుచూస్తున్న మనిషికి దారిలో ఉన్నానని చెప్పి, బండి తీసింది.