దీక్షా శిబిరానికి నేనిచ్చిన నవ్వు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువంటే, సిద్దిపేట కొత్త బస్టాండును బస్సులతో సహా చంకన పెట్టుకుని కోమటి చెరువు చుట్టూ పరుగెత్తినంత. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా మొదటి మాటలోనే గోరంతను కొండంతగా ఊదాను. ఊదకపోతే నాకు మాట రాదు. ఈసారి మాత్రం ఎక్కడ ఊదుతున్నానో నేనే చెప్పేస్తాను. మీరు కొంచెం ఓపిక పట్టండి.

నాకొక బిడ్డ. చిన్నప్పుడు కోపం వస్తే తల గోడకేసి కొట్టుకునేది. చేతికందినవాళ్ల జుట్టు పట్టుకుంటే వదిలేది కాదు. నా బట్టతలకు అదే కారణమని అందరికీ చెప్పుకునేవాణ్ని. అది అబద్ధం, మా నాయినదీ బట్టతలే. ఏళ్లు గడిచేకొద్దీ బిడ్డ నెమ్మదించింది. అప్పుడు బిడ్డ చదివిన బడిలోని సరోజన టీచర్ నన్ను పిలిచింది. బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి, వేరే జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇట్లాంటి పిల్లలుంటే, ఆ తల్లిదండ్రులను ఆదివారాలు బడి గదిలో కూర్చోబెట్టేది ఆమె. ఊరు కాని ఊరు. పిల్లవాడు అరిస్తే ఇల్లు ఖాళీ చేయమనే ఓనర్లు. వాళ్లకు కావలసింది మందులూ ఉపన్యాసాలూ కాదు, ఈ తోవలో ముందు నడిచిన ఇంకో తల్లో తండ్రో. మా పని వినడం, మాకు జరిగింది చెప్పడం. నియమం ఒక్కటే. ఆ గదిలో అన్న మాట గడప దాటకూడదు.

నాతో పాటు ఆ పని చేసింది ఖాజాబీ. బస్టాండు ఎదురుగా జాకెట్లు కుట్టే చిన్న కొట్టు ఆమెది. పెద్దకొడుకుతో ఆమె పడ్డ పాట్ల ముందు నావి లెక్కలోకి రావు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన ఆడవాళ్లతో వచ్చీరాని హిందీలో మాట్లాడి, ఏడిపించి, నవ్వించి పంపేది. నాకు హిందీ రాదు. నేను తల ఊపేవాణ్ని.

తెలంగాణ ఉద్యమం ఊరంతా నిండిన రోజులవి. బడులు మూతపడేవి. పొద్దున లేస్తే ర్యాలీ, సాయంత్రం ధూంధాం ఆటపాటలు. ఆ రోజుల్లోనే సుభాషిణి వచ్చింది. గుంటూరు వైపు వాళ్లు. భర్త బస్టాండు దగ్గర బజ్జీల బండి పెట్టాడు. కొడుకు నాని, ఏడేళ్లవాడు. పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుని పారిపోతాడు. ఒక మాట నోట్లో చిక్కుకుంటే ఇక వదలదు, అదే అంటూ ఉంటాడు. ఆ ఇంటికి తోడుగా నన్ను పెట్టారు. వారం వారం వెళ్లేవాణ్ని. నాని నా భుజం మీద చేయి వేసేదాకా వచ్చాడు. అది చిన్న సంగతి కాదు.

ఒక ఆదివారం గదిలో టీచర్, ఖాజాబీ, సుభాషిణి, నేను, నలుగురమే ఉన్నాం. సుభాషిణి కొంగు నలుపుకుంటూ అంది.

"ఎవరితోనూ అనకండి. మొన్న ఊరేగింపు చూసొచ్చిన దగ్గర్నుంచీ మావాడు జై తెలంగాణ అని ఒకటే అరుపు. పక్కింటోళ్లు నవ్వుతున్నారు. ఆయనేమో వాణ్ని ఆపలేవా అని నామీద కేకలు. విసుగొచ్చి కొంగు వాడి నోట్లో కుక్కానండీ. కళ్లు తేలేశాడు. వెంటనే లాగేశాను. నేనసలు తల్లినేనా?"

ఖాజాబీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను నా కొడుకును బాత్‌రూంల పెట్టి గొళ్లెం ఏసిన బిడ్డా. నువ్వు ఎంబడే తీసినవ్. నేను తియ్యలే. ఏడ్వకు."

మరి నేను? ఆమె ఏడుస్తుంటే నా లోపల ఒక హాస్యపు ముక్క దానంతటదే అల్లుకుంటోంది. గుంటూరు ఇంట్లో జై తెలంగాణ! ఇంత మంచి సరుకు మళ్లీ దొరుకుతుందా? అప్పుడే అనుకున్నానా ఈ మాట? అనుకున్నాను. ఇప్పుడు మర్యాదగా దాటేసి లాభం లేదు.

దీక్షా శిబిరంలో ఉపన్యాసానికీ ఉపన్యాసానికీ మధ్య జనాన్ని కూర్చోబెట్టడానికి ఒక బస్సు కండక్టర్ నవ్వించేవాడు. అతనికి ముక్కలు రాసిచ్చింది నేనే. సర్కారు గుమాస్తాను కాబట్టి నా పేరు ఎవరికీ తెలియదు. ఆ వారం అతను, "సార్, జనం లేచి పోతున్రు. నీ జోకులల్ల కారం తగ్గింది. గట్టిది ఒకటి ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఆంధ్రా తల్లి కడుపులోంచే పిలగాడు జై తెలంగాణ అంటాడు, డాక్టరు మూర్ఛపోతాడు. తల్లి నోట్లో కొంగు కుక్కుతుంది. ఆగదు. చీరంతా కుక్కుతుంది, దుప్పటి కుక్కుతుంది, టెంటుహౌస్ షామియానా తెచ్చి కుక్కుతుంది. అయినా నినాదం కారుతూనే ఉంటుంది. పేరు పెట్టలేదు. కానీ "బస్టాండు కాడి బజ్జీల బండి" అని పెట్టాను. జాగ చెబితే నవ్వు బాగా పండుతుంది. గుంటూరువాళ్ల బజ్జీల బండి అక్కడ ఒక్కటే ఉందని నాకు తెలియదా? తెలుసు.

జనం పడీపడీ నవ్వారు. వెనక టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఆ నవ్వును తాగాను.

మర్నాడు పొద్దున కుర్రాళ్లు డప్పులతో, దండతో, శాలువాతో ఆ బండి దగ్గరికి పోయారు. కొట్టడానికి కాదు. సన్మానించడానికి. "మా చిన్న ఉద్యమకారుడేడి?" అంటూ నానిని ప్రేమగానే భుజాలకెత్తుకున్నారు. చుట్టూ డప్పులు. వాడు నినాదం ఇవ్వలేదు. కేక పెట్టాడు. ఎత్తుకున్నవాడి చెవి కొరికాడు. కింద పడ్డాడు. పక్కనే నూనె మూకుడు కాగుతోంది. దాని మీద పడి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ కుర్చీలోంచి లేపుతుంది. నాని భుజం ఎముక విరిగింది. ఆ గోలలోనే ఒకడు నవ్వుతూ సుభాషిణిని అడిగాడట: "నోట్లె కొంగు వెట్టింది నువ్వేనా అక్కా?"

నానిని ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది ఖాజాబీ. నేను ఆఫీసులో ఉన్నాను. సంగతి తెలిశాక కూడా సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉన్నాను.

తరువాతి ఆదివారం మళ్లీ ఆ నలుగురమే.

"ఆ దినం గీడ ఉన్నది మనమే," అంది టీచర్. "మాట బయటికి ఎట్ల పోయింది?"

సుభాషిణి నా వైపు చూడలేదు. "నీ కొట్టుకి ఊళ్లో ఆడవాళ్లంతా వస్తారు కదా ఖాజాబీ."

"అల్లా కసమ్ బిడ్డా, నేను చెప్పలే. అన్నా, నువ్వన్న చెప్పు. నేను అసుమంటి దాన్నా?"

నోరు తెరిచాను. నేనన్నది ఇది: "ముచ్చట్లల్ల మాట జారుతది ఖాజాబీ. మిషన్ తొక్కుకుంట ఎన్ని మాట్లాడ్తవ్, అన్ని యాదికుంటయా?"

పైగా చిన్నగా నవ్వాను కూడా.

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదికి రాలేదు. ఆమె లేకపోయేసరికి బట్టీల ఆడవాళ్లతో మాట్లాడేవాళ్లు లేరు. నేను తల ఊపుతూ ఉన్నాను. కొన్నాళ్లకు వాళ్లూ మానేశారు.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందని భయమా? అది సాకు. నేను మంచివాణ్నని ఆ ఊళ్లో అనుకునే చోటు ఆ గది ఒక్కటే. దాన్ని పోగొట్టుకోలేక ఆమెను పోగొట్టాను.

సుభాషిణి వాళ్లు ఊరు వదిలారు. వెళ్లే ముందు మా ఇంటికొచ్చి నా బిడ్డ చేతిలో వేడి బజ్జీల పొట్లం పెట్టింది. "మీరొక్కరే నమ్మకంగా ఉన్నారు అన్నయ్యగారూ," అంది. నాని కట్టు కట్టిన చేతితో గేటు అవతలే నిలబడ్డాడు. లోపలికి రానన్నాడు. వాళ్లెక్కడికి పోయారో నాకు తెలియదు. అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. నేనూ మిఠాయి పంచాను. ఖాజాబీ కొట్టు ముందు నుంచి ఇప్పటికీ వెళ్తుంటాను. "బిడ్డ మంచిగున్నదా అన్నా?" అని అడుగుతుంది. నన్ను అనుమానిస్తోందా, క్షమించిందా, మరిచిపోయిందా? మూడింటిలో ఏది తలచుకున్నా చెమట పడుతుంది. ఎన్నోసార్లు చెబుదామని గడప దాకా వెళ్లాను. ప్రతిసారీ ఒక జోకుతో మొదలుపెట్టి, ఆమె నవ్వగానే తిరిగొచ్చాను.

ఆ మాటను గదిలోంచి బయటికి మోసింది ఖాజాబీ కాదు. నేను.

ఇన్నేళ్లకు ఈ వాక్యం కాగితం మీద పడింది. ఎలా ఉంటుందోనని పైకి చదివాను. గొంతు నాది కాదనిపించింది. లోపలి గదిలోంచి నా బిడ్డ, "ఏంది బాపు?" అంది.

మళ్లీ చదివాను, ఆమెకు వినబడేలా.