ఆరు శాతం సాలమన్

సాలమన్‌గారికి ఒకటే పిచ్చి: ఆరు శాతం. దేశాదాయంలో నూటికి ఆరు రూపాయలు సర్కారు చదువుకు పెట్టాలని పెద్దలెప్పుడో చెప్పారు, ఇంతవరకూ పెట్టిన పాపాన పోలేదు. అందరూ మరిచిపోయిన ఆ బాధను అమీర్‌పేటలో ఈయనొక్కరే మోస్తున్నారు. మోస్తే మోశారు, కనిపించిన వాళ్లందరి నెత్తినా దించుతారు. అదీ ఆయన భార్య జీవమణి గోడు.

లక్డీకాపూల్ ఆఫీసులో రిటైరైంది మొదలు ఆయన నోటికి ఆదివారం సెలవు కూడా లేదు. పొద్దుటినుంచీ సందు చివర మహిపాల్ టీ బండి దగ్గరే మకాం.

"చదువుకెంత పెడుతున్నారో తెలుసా నీకు?"

"సార్, జర చాయ్ తాగుర్రి, సల్లారుతది. బడ్జెట్ నేను పెడ్తనా?"

"చాయ్ చల్లారితే మళ్లీ కాచుకోవచ్చు. బడి చల్లారితే?"

ఒక ఆదివారం పాస్టర్‌గారు దశమభాగం మీద ప్రసంగిస్తుంటే లేచి నిలబడ్డారు. "అయ్యగారూ, దేవుడికి పది, ఒప్పుకున్నాం. చదువుకి ఆరు సంగతి కూడా ఓ మాట సెలవివ్వండి." ఆడవాళ్ల వైపు కూర్చున్న జీవమణి ముసుగు ముక్కుదాకా లాక్కుంది.

ఆ తర్వాత, దేశం పెట్టకపోతే నేను పెడతానంటూ టేపు తెచ్చి ఇల్లంతా కొలిచి, నూటికి ఆరు వంతులు లెక్కగట్టారు. వరండాలో ఓ మూల సుద్దముక్కతో గీత గీసి, "ఇది విద్యాశాఖ" అని ప్రకటించారు. ఇక అక్కడ చెప్పులు విడవకూడదు, ఉల్లిపాయలు ఆరబోయకూడదు.

జీవమణి పంజాగుట్టలో ఓ ఆస్పత్రిలో నర్సు. పగలంతా డ్యూటీ, ఇంటికొస్తే మణికట్టు నొప్పి. బట్టలు పిండలేక వాషింగ్ మెషిన్ కొందామంది. వరండాలో ఖాళీగా ఉన్నది ఆ మూల ఒక్కటే.

"విద్యాశాఖలో కోత పెట్టనివ్వను" అన్నారాయన.

"ఖాళీ మూలకి చదువేంటండీ? గోడకి ఓనమాలు దిద్దిస్తారా? మరి ఆరోగ్యశాఖ మాటేంటి?" అని వాచిన చెయ్యి చూపించింది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఆ పూట బట్టలు తనే పిండారు. చొక్కాలకి గుండీలు మిగల్లేదు. దాంతో జీవమణి తెగించింది. చెప్పకుండా మెషిన్ కొని, చెప్పకుండా సెలవు పెట్టి, ఆయన టీ బండికి వెళ్లాక బజారుకెళ్లి ఆ మెషిన్‌ను బండికెక్కించి, మోసేవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

గేటు తీస్తే, గీత లోపల ఒక అమ్మాయి పుస్తకంలో తలదూర్చి కూర్చుంది. బల్కంపేటలో ఆటో నడిపే ఓదెలు కూతురు, మానస.

మానస గబుక్కున లేచింది. "ఆంటీ, మాది ఒక్కటే రూము. టీవీ, చుట్టాలు, లొల్లి. నర్సింగు పరీక్ష దగ్గరపడ్డది. సార్ గీడ కూసొని చదువుకోమన్నరు. మెషిన్ పెట్టుకోర్రి, నేను పోత."

అప్పటికి మెషిన్ బండి ఇంటిముందు ఆగడం చూసి సాలమన్‌గారు టీ గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చారు.

"నాకొక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?" అంది జీవమణి.

"ష్! చెబితే నువ్వు టిఫినూ కాఫీ పెడతావు. ఆ పిల్ల మొహమాటపడి రావడం మానేస్తుంది." ఆయన గుసగుసలాడటం పెళ్లయ్యాక ఆమె వినడం అదే మొదలు. "నేనింట్లో ఉంటే నా నోరు ఊరుకోదు. చదువు సాగదు. అందుకే పగలంతా మహిపాల్ బుర్ర తింటున్నా."

జీవమణికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఈయన్నా తిట్టుకున్నాను అనుకుంటే ఆయన ముద్దు కూడా వచ్చారు.

"అక్కా, చేతులు గుంజుతున్నయ్. యాడ పెట్టాలె?" అన్నారు మోసేవాళ్లు.

ఆమె వరండా అవతలి కొసన ఉన్న పడక్కుర్చీని చూపించింది. "అది తీసేసి అక్కడ పెట్టండి. నువ్వు కూర్చో మానసా."

"నా కుర్చీ!"

"ఎక్కడో ఒకచోట కోత తప్పదు కదండీ!"

వాదన సాలమన్‌గారిదే. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటారు.

"ఎక్కడికండీ?"

"మహిపాల్ దగ్గరికి. ఇవాళ్టినుంచి కూర్చునే చెబుతా."