పాచి నోటి చాయ్

మా అత్తమ్మ పొద్దున లేచాక పళ్లు తోముకునేదాకా నోరు విప్పేది కాదు. పాచి నోటితో పలకరిస్తే ఎదుటివాళ్లకు మంచిది కాదనేది. నల్లగండ్లలో మా ఫ్లాటులో తెల్లవారి వ్యవహారమంతా సైగలతోనే నడిచేది. పాలప్యాకెట్లు వచ్చాయా అని అడగడానికి కనుబొమ్మలు ఎగరేసేది. స్టవ్ కట్టెయ్యమనడానికి గాలిలో వేలు తిప్పేది. అలాంటి ఇంట్లో పళ్లు తోమకుండా చాయ్ ముట్టడమన్నది ఊహకందని సంగతి. నేనూ అదే పద్ధతిలో పెరిగినదాన్ని కాబట్టి మా మధ్య పేచీ రాలేదు.

కీళ్లవాతం వచ్చాక పేచీ మొదలైంది, బ్రష్షుతో. నాది వయసు మీద పడి మోకాళ్లు అరిగే జబ్బు కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ల మీద పడే రకం. లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. బాల్కనీలోకి ఎండ వచ్చే వేళకు మెల్లగా వదులవుతాయి. మధ్యాహ్నం కోకాపేట ఆఫీసులో కీబోర్డు టకటకలాడిస్తున్న చేతిని చూసి, పొద్దున ఇదే చెయ్యి టూత్‌పేస్టు మూత తిప్పలేకపోయిందంటే ఎవరూ నమ్మరు. అయినా లేవగానే బ్రష్షు పట్టాల్సిందే. ముందు పళ్ల మీద నాలుగు రుద్దులు రుద్ది, నురగ ఉమ్మేసి, చాయ్ దగ్గరికి పరుగెత్తేదాన్ని. పళ్ల లోపలి వైపుకు, చిగుళ్ల అంచులకు చెయ్యి తిరిగేదే కాదు.

కొన్నాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం రాసాగింది. తర్వాత ముందు పన్ను ఒకటి కదిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఇదంతా కీళ్ల మాత్రల పనేనని వాటిని తిట్టుకున్నాను. నోరంతా తెరిచి, పక్క ఫ్లాటు వాళ్లకు వినబడేలా నవ్వే మనిషిని నేను. ఆ పన్ను పోతుందంటే ఏడుపొచ్చింది.

పళ్ల డాక్టరమ్మ మొదట నా మాత్రలన్నీ చూపించమంది. దవడ కీలు కూడా నొప్పి పెడుతుందంటే, మధ్యమధ్యలో నోరు మూసుకోనిస్తూ పళ్లు శుభ్రం చేసింది.

"పళ్లు ఎప్పుడు తోముకుంటారండి?" అని అడిగింది.

"లేవగానే."

"వేళ్లు ఎప్పుడు వదులవుతాయి?"

"వంట సగమయ్యేసరికి."

"మరి అప్పుడే తోముకోవచ్చు కదండీ! లేవగానే గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి టీ తాగండి. వేడి గ్లాసు పట్టుకుంటే వేళ్లకూ హాయిగా ఉంటుంది. చెయ్యి మాట విన్నాక నిదానంగా తోముకోండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పన్ను నిలబడుతుందనే అనుకుంటున్నాను."

"పాచి నోటితోనా?" అన్నాను. పన్ను పోతుందని ఏడ్చినదాన్ని, దాన్ని నిలుపుకునే దారి చెబితే నా నోట వచ్చిన మొదటి మాట అది.

ఇంటికొచ్చి చెబితే, మా ఆయన మూలనున్న పాత సైకిలు హ్యాండిల్ రబ్బరు ఊడదీసి బ్రష్షుకు తొడిగాడు. బ్రష్షు లావై పిడికిట్లో చక్కగా ఇమిడింది. అత్తమ్మ మాత్రం, "పాచి నోటితోని చాయ్ తాగుడేంది? గదేం డాక్టరమ్మ!" అని మొహం తిప్పుకుంది.

మర్నాడు వంటింట్లో గ్లాసు చేతిలోకి తీసుకున్నాను గానీ అత్తమ్మ ఎదురుగా గుటక దిగలేదు. గ్లాసు సింకు పక్కన పెట్టేసి, బిగుసుకున్న వేళ్లతోనే బ్రష్షు పట్టుకున్నాను. ఆమె చూసింది. తనకది మాట్లాడే వేళ కాదు.

ఆ మర్నాడు కళ్లు తెరిచేసరికి అత్తమ్మ నా మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. స్టూలు మీద గోరువెచ్చని నీళ్లు, రెండు గ్లాసుల చాయ్. పుక్కిలించి రమ్మని సైగ చేసింది. వచ్చాక ఒక గ్లాసు నా అరచేతుల మధ్య పెట్టింది. రెండోది తాను ఎత్తి, కళ్లు మూసుకుని, కషాయం మింగినట్టు ఒక గుటక వేసింది.

"నేను గూడ తాగిన. ఇగ తాగు, చల్లారుతది" అంది.

పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి పాచి నోటితో ఆమె మాట్లాడగా వినడం అదే మొదటిసారి. కడుపు నిండిపోయింది. నోరంతా తెరిచి నవ్వాను. ఆ పన్ను ఇప్పటికీ ఉంది. పొద్దున్నే ముందు మేమిద్దరం చాయ్ తాగుతాం, ముచ్చట్లు చెప్పుకుంటాం, ఎండ వచ్చాక పళ్లు తోముకుంటాం.