బ్రిజిడమ్మ గుడ్డకి పసుపు

అమెరికాలోని పార్సిప్పనీలో ఆంజనేయప్రసాద్ గారికి మూఢనమ్మకాల మీద ఉన్నంత పగ తన మేనేజరు మీద కూడా లేదు. ఊళ్ళో తెలుగువాళ్ళ కోసం ఆయన నడిపే వాట్సాప్ గ్రూపు పేరు ‘హేతుదీపం’. అందులో సభ్యులు చాలామంది, చదివేవాళ్ళు కొద్దిమంది. కింది అంతస్తు రాజారావు గారైతే రోజూ పొద్దున్నే రాశిఫలాలు పంపి ఆయన్ని ఉడికించడానికే అందులో చేరారు. కొత్త కారు చక్రాల కింద ఎవరైనా నిమ్మకాయలు పెడుతుంటే ప్రసాద్ గారు పార్కింగ్ లాట్‌లోనే ఉపన్యాసం అందుకునేవారు. గృహప్రవేశాలకి ఆయన్ని అందరూ పిలిచేవారు, గుమ్మడికాయ కొట్టడం అయిపోయాక వచ్చేలా టైము చెప్పి.

ఇంట్లో దేవుడి అల్మారా భార్య దమయంతి గారిది. ఆవిడ హాస్పిటల్ లాబ్‌లో పనిచేస్తారు, తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోతారు. దేవుడి విషయంలో ఆ దంపతులకి పాత ఒడంబడిక ఒకటుంది: ఆవిడ దణ్ణం పెట్టుకోవచ్చు, ఆయన ప్రసాదం తినొచ్చు.

ఎదురు ఫ్లాట్‌లో నోరీన్ అని డెబ్బై దాటిన ఐరిష్ ఆవిడ ఉంటుంది. స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. చలికాలంలో వేడి సూపో, తను కాల్చిన బ్రెడ్డో ఒక తువ్వాల్లో చుట్టి వీళ్ళ గుమ్మం ముందు పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది. బెల్లు కొట్టి మరీ ఇస్తే దానం చేసినట్టు ఉంటుందని ఆవిడ అభిప్రాయం.

నోరీన్ ఆదివారాలు చర్చికి వెళ్తుంది. ఫిబ్రవరి ఒకటిన మాత్రం చర్చి కన్నా పాతదాన్ని తలుచుకుంటుంది. ఆ పండగని ఇంబోల్క్ అంటారు. చలి నడుం విరిగిందనీ, గొర్రెలు పాలకి వచ్చే వేళైందనీ వాళ్ళ పూర్వులు చేసుకున్న పండగ. ఆ ముందు రాత్రి బ్రిజిడ్ అనే దేవత ఇల్లిల్లూ తిరుగుతుందట. గడ్డితో ఆవిడ బొమ్మ చేసి, తెల్లబట్ట కట్టి, పాలు పెట్టి పిలుస్తారు. బయట ఒక గుడ్డ కట్టి ఉంచితే ఆవిడ దాన్ని తాకి పోతుంది. ఇక ఏడాదంతా ఆ గుడ్డే మందు. నోరీన్ గుడ్డ వాళ్ళమ్మ ఏప్రన్‌లోంచి చింపింది. ఏటా అదే కడుతుంది. ఈసారి దానికో పని కూడా ఉంది. మార్చిలో ఆవిడకి గుండె వాల్వ్ ఆపరేషన్, ఆ గుడ్డని దిండు కింద పెట్టుకుని వెళ్ళాలని ఆశ.

ఇదంతా దమయంతి గారికి తెలుసు. ప్రసాద్ గారికి తెలీదు. ఎదుటివాళ్ళ నమ్మకాల గురించి వినడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం.

ఆ ఫిబ్రవరి ఒకటిన ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున చెత్త పారేద్దామని తలుపు తీశారు. గుమ్మం ముందు గడ్డిబొమ్మ. ఒంటికి తెల్లగుడ్డ, కళ్ళకి రెండు నల్లపూసలు. పక్కన గిన్నెలో పాలు, ఆరిపోయిన కొవ్వొత్తి. మెట్ల రెయిలింగుకి ముడేసిన పాత గుడ్డపేలిక. బొమ్మ మొహం తిన్నగా ఆయన గుమ్మం వైపే ఉంది.

ఆ క్షణంలో హేతుదీపం కొండెక్కింది.

తర్వాత జరిగిన కర్మకాండ ఆయనకి ఎవరూ నేర్పింది కాదు. ఏ పుస్తకమూ చూడకుండా, ఏ అడుగూ తప్పకుండా వచ్చేసింది. వంటింట్లోంచి పట్టకారు తెచ్చారు. చెంబులో పసుపు నీళ్ళు కలిపారు. బొమ్మ మీదా, గుడ్డ మీదా ధారాళంగా పోశారు. మూడుసార్లు తుతుతు అన్నారు. అన్నీ పట్టకారుతో పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి, కింద ఉన్న పెద్ద ఇనప చెత్తతొట్టి, డంప్‌స్టర్‌లో పడేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

శత్రువు ఎవరో కూడా ఆయన అప్పుడే తేల్చేశారు. మొన్న నోరీన్ మంచు తవ్వి శుభ్రం చేసుకున్న పార్కింగ్ స్పాట్‌లో ఆయన కారు పెట్టేశారు. ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇప్పుడు అనుమానానికి ఆస్కారమైంది.

లంచ్ టైములో దమయంతి గారి ఫోన్.

“ఏమండీ, గుమ్మం ముందు బొమ్మ చూశారా? ఎంత ముద్దుగా చేసిందో!”

“నువ్వు... చూశావా?”

“చూడ్డమేంటి, పాలు నేనే పోశాను. మన రథసప్తమికి పాలు పొంగిస్తాం కదా, వాళ్ళకీ అలాంటిదేనట. రెయిలింగు మీద గుడ్డ మాత్రం జాగ్రత్తండీ, గాలికి ఎగిరిపోతే పట్టుకోండి. ఆపరేషన్‌కి దాన్నే నమ్ముకుని ఉంది పాపం. హలో? వింటున్నారా?”

వినడానికి ఆయన అక్కడ లేరు. పైజమా మీద జాకెట్ తొడుక్కుని మెట్లు దిగుతున్నారు.

అమెరికా డంప్‌స్టర్‌లోకి దిగడం తేలికే. పైకి రావడానికి గౌరవం అడ్డొస్తుంది. ఆయన నడుం లోతు సంచుల్లో వెతుకుతుండగా రాజారావు గారు చెత్త పట్టుకుని వచ్చారు.

“ఏమండోయ్ ప్రసాద్ గారూ! లోపలేం చేస్తున్నారు?”

“రీసైక్లింగ్.”

“ఇవాళ మీ రాశికి వస్తులాభం అని పొద్దున్నే పంపాను, చూశారా?”

గుడ్డ దొరికింది. మెడ విరిగిన బొమ్మా దొరికింది. ఇంటికి తెచ్చి గుడ్డకి సబ్బు పెట్టగానే అది నెత్తురు రంగుకి తిరిగింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆయన ఇంటర్‌లోనే చదివారు. అయినా గుడ్డని సింకులో వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు. నీళ్ళలో జాడిస్తే ఎరుపు పోయింది, పసుపు పోలేదు. బొమ్మ మెడకి టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టారు. తడిగుడ్డని తెచ్చి రెయిలింగుకి కట్టేశారు.

సాయంత్రం నోరీన్ డాక్టర్ దగ్గర్నుంచి వచ్చింది. మెట్ల మీద ఆగిపోయింది. ఏటవాలుగా పడుతున్న సాయంత్రపుటెండలో తెల్లగా ఉండాల్సిన గుడ్డ బంగారంలా ఉంది.

“ప్రసాద్! దమయంతీ! ఇలా రండి!” అని మెట్ల మీంచే పిలిచింది. “మా అమ్మ కట్టినన్నాళ్ళు, నేను కట్టినన్నాళ్ళు, ఒక్కసారి కూడా ఇలా కాలేదు. ఆవిడ నిజంగా వచ్చింది.”

ప్రసాద్ గారు పసుపు ఊసెత్తలేదు. ఆ మౌనానికి ఆయన పెట్టుకున్న పేరు సభ్యత.

తలుపు మూశాక దమయంతి గారు పోపులడబ్బా తెరిచి చూశారు. తర్వాత భర్తని చూశారు. ఏ లాబ్ పరీక్షా అవసరం లేకపోయింది.

“ఆవిడకి మీరే చెప్పాలి,” అన్నారు.

“అంత సంతోషంగా ఉంది కదా దమయంతీ. ఎందుకు పాడుచేయడం?”

“ఈ మాటే ఏ స్వామీజీయో అనుంటే మీరు గ్రూపులో ఎంత పొడుగు మెసేజ్ పెట్టేవారు!”

ఆయన చెప్పలేదు. నోరీన్ మాత్రం అందరికీ చెప్పింది. బస్సు నడిపిన రోజుల పాత స్నేహితురాళ్ళు వచ్చి గుడ్డని కళ్ళకద్దుకున్నారు. “ఇక్కడే ఉంటాడు, సైన్సు మనిషి, అతనే సాక్షి,” అని ఆవిడ పరిచయం చేస్తే, ప్రసాద్ గారు నవ్వబోయి దగ్గారు. ఎదురుపడాల్సొస్తుందని చెత్త పారేసే వేళలు మార్చుకున్నారు. హేతుదీపంలో ఎవరో బాబాగారి విభూతి గురించి వాదన రేగితే, అడ్మిన్ గారు మూడ్రోజులు ఆన్‌లైన్‌కే రాలేదు.

ఆపరేషన్ వారంలోకి వచ్చింది. ఒక ఆదివారం, దంపతులిద్దరూ ఇంట్లో ఉండగా, నోరీన్ తలుపు కొట్టి లోపలికొచ్చి కూర్చుంది. చేతిలో గుడ్డ. ఇన్నాళ్ళూ కిటికీలో, ఎండ తగిలేచోట పెట్టుకుంది. బంగారం వెలిసిపోయి, పాత కాగితం రంగు మిగిలింది.

“ఆవిడ వెళ్ళిపోతోంది,” అంది నోరీన్. “నన్ను వదిలేసి పోతోంది ప్రసాద్. ఇలా అయితే నేను ఆ టేబుల్ ఎక్కను. రేపు ఫోన్ చేసి ఆపరేషన్ వద్దని చెప్పేస్తాను.”

పసుపు ఎండకి వెలిసిపోతుంది. ఆ ఒక్క వాక్యం చెప్తే చాలు, ప్రాణం నిలబడుతుంది. కానీ ఆ వాక్యానికి ముందు ఇంకో వాక్యం చెప్పాలి. హేతువాదం మీద ఆయన ఎన్నో ఉపన్యాసాలిచ్చారు గానీ ఇంత చిన్నది ఎప్పుడూ ఇవ్వలేదు.

“అది పసుపు. మా వంటింట్లోది. నేనే పోశాను. ఎండలో పెడితే వెలిసిపోతుంది, అంతే. ఎవరూ వెళ్ళిపోలేదు.”

నోరీన్ అర్థంకానట్టు చూసింది. “ఎందుకు పోశావు?”

“బ్లాక్ మ్యాజిక్ అనుకున్నాను.”

“ఎవరి మీద?”

“నా మీద.”

“ఎవరు చేశారని?”

ఆయన కార్పెట్ వైపు చూశారు. అది అద్దె ఇంటి కార్పెట్. అందులో చూడదగ్గది ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశారు.

“బొమ్మని మీ గుమ్మం వైపు తిప్పింది నేనే,” అంది నోరీన్ మెల్లగా. “మీ ఆఫీసులో లేఆఫ్స్ అనీ, ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందనీ దమయంతి చెప్పింది. ముందు మీ ఇంటికి వెళ్ళమ్మా, తర్వాత నా దగ్గరికి రా, అని తిప్పి పెట్టాను.”

ప్రసాద్ గారికి ఆ పార్కింగ్ స్పాట్ గుర్తొచ్చింది. తువ్వాళ్ళు గుర్తొచ్చాయి. అవి ఉతికి తిరిగిచ్చింది ఎప్పుడూ దమయంతే.

నోరీన్ ఆయన్ని వదిలేసి దమయంతి గారిని అడిగింది. “పసుపు మీరు దేనికి వాడతారు?”

“గడపకి రాస్తాం. పెళ్ళికూతురికి రాస్తాం. దెబ్బ తగిలితే పెడతాం.”

“పారదోలడానికి కూడానా?”

దమయంతి గారు అబద్ధం ఆడలేదు. “దానికీ వాడతారు.”

నోరీన్ గుడ్డని ఒళ్ళో మడతపెట్టింది, విప్పింది. “అయితే దీనికి మళ్ళీ పసుపు పెట్టాలి.” దమయంతి గారు చెయ్యి చాపితే ఇవ్వలేదు. “నువ్వు కాదు. అతను. ఈసారి నేనెవరో తెలిసి పెట్టాలి.”

ఆంజనేయప్రసాద్ గారు వంటింట్లో గిన్నెలో పసుపు కలిపారు. పట్టకారు అక్కడే కొక్కేనికి వేలాడుతోంది. దానివైపు చూడకుండా రెండు చేతులూ ముంచి, గుడ్డ అంచు నుంచి అంచు దాకా అద్దారు. నోరీన్ కుర్చీలో కూర్చుని, బస్సులో పిల్లల్ని అద్దంలోంచి గమనించినట్టు, ఆఖరి మూల తడిసేదాకా చూసింది. “ఎండలో పెట్టకండి,” అన్నారాయన. అంతకుమించి సైన్సు ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఆ చేతుల్తోనే ఆఫీసుకి వెళ్ళారు. మెట్ల దగ్గర రాజారావు గారు చూడనే చూశారు.

“ఏమండోయ్, ఏంటా చేతులు? పేరంటానికి వెళ్ళొచ్చారా?”

“అవునండీ,” అన్నారు ప్రసాద్ గారు. గెలిచిన రాజారావు గారికి ఆ గెలుపేమిటో అర్థంకాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొప్పతనం డాక్టర్లదని ప్రసాద్ గారు అనుకున్నారు గానీ, పైకి అనలేదు. నోరీన్ కోలుకుని మళ్ళీ బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టింది, ఎప్పట్లాగే వీళ్ళకీ తెస్తోంది. ఒక్కటే మారింది. ఇప్పుడు గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోదు. బెల్లు కొడుతుంది. ఆయన తలుపు తీసేదాకా నిలబడుతుంది. తీశాక ఒకడుగు వెనక్కి వేసి, తువ్వాలు మడత విప్పి చూపిస్తుంది.

“బ్రెడ్డే,” అంటుంది.

కోపంగా అనదు. కోపంగా అన్నా ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.