నంబరు రాని మిషను

మొన్న మా మెట్లకు నాపరాళ్లు వేయడానికి వచ్చిన మేస్త్రీ కోత మిషను కిందపెట్టి నీళ్లు తాగడానికి పోతే, నేను దాని కడుపు కింద ఉన్న రేకును వేలితో తడిమి చూశాను. నాకు చదువు రాదు, సంతకం మటుకు గీస్తాను, ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తున్నది. అయినా ఆ రేకు మీది అంకెల వరసలు ఎందుకుంటాయో నాకు తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కడపలో రాళ్ల ఫ్యాక్టరీల వీధిలో మా ఆయనకు చేతిమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. అందులో మేము పుట్టిన కాలం నాటి ఫారిన్ డ్రిల్లు ఒకటి, తుపాకీ లాంటి పిడీ వేలితో నొక్కే మీటా ఉన్నది, ఉండేది. దాని రేకు నిండా అంకెలే. అవేమిటని మా ఆయన, కాలేజీ మిషన్లు రిపేరుకు తెచ్చే పాలిటెక్నిక్ సారును అడిగితే, పిడికొకటి, మీటకొకటి, ఒక్కో వరస ఒక్కో మనిషికి తట్టిన ఉపాయమని, ఆ మనిషి ఒప్పుకోకుండా కొన్నేళ్లు ఇంకెవరూ చేయకూడదని సర్కారు రాసిచ్చిన నంబరని, దాన్నే పేటెంటంటారని చెప్పాడు. ఆ దినం నుంచి తనకూ ఒక నంబరు రావాలని మా ఆయనకు అన్నం సయించలేదు.

రాయి కోసేటప్పుడు లేచే దుమ్ముకు ఆ వీధిలో దగ్గని మనిషి లేడు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు గానీ, నీళ్లు మోటారులోకి పోతే మనిషికి కరెంటు కొడుతుంది. మా ఆయన రెండేళ్లు తంటాలు పడి, చక్రం అంచున చుక్కచుక్కగా నీళ్లు పడే సన్నగొట్టం, అవి మోటారు వైపు చిమ్మకుండా వంచిన రేకు చేశాడు. సారు చూసి, "నీకూ నంబరొస్తాదప్పా, కాగితాలు పంపేదాకా ఎవురికీ చూపొద్దు" అన్నాడు.

ఆ వారంలోనే ఆయుధపూజ. ఆ దినం మిషన్లన్నీ విప్పి, నూనె పెట్టి, కొట్టు ముందర చాప మీద పరిచి, బొట్లు పెట్టి, వచ్చినవాళ్లకంతా బొరుగులు పంచేవాళ్లం. పూజలో పెట్టకుండా దాచిన పనిముట్టు చేసినవాడి చేతినే కొరుకుతుందని మా అమ్మ చెప్పేది. ఆయన ఆ గొట్టం బిగించిన మిషనును గోనెసంచిలో చుట్టిపెడితే నేనే విప్పాను.

"అమ్మవారికి చూపకుండా సర్కారుకు చూపుతావా?"

"నాలుగు దినాలు ఓర్చుకోవే. అదేమన్నా పెండ్లికూతురా, అందరికీ చూపేదానికి?"

"చేయి పోతే నీకు అన్నం కలిపి పెట్టేది నేనే గదా!"

ఆయన నవ్వి, తానే దాన్ని చాప నడుమ పెట్టాడు. వీధి వీధంతా వంగి చూసింది. దీపావళి లోపలే ప్రతి మిషనుకూ అట్లాంటి గొట్టం, అట్లాంటి రేకు వచ్చేశాయి.

సారు వచ్చి తల పట్టుకున్నాడు. "ఇంతమంది చూసినాక ఇది కొత్తదని ఎవురు రాసిస్తారప్పా?"

"పోనీలే సారూ, ఈళ్ల దగ్గులన్నా తగ్గుతాయి" అన్నాడు మా ఆయన, తాను దగ్గుతూనే.

ఆ దగ్గుతోనే మూడేళ్లకు పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంతవరకు ఏది చేసినా మొదట నా చేతిలోనే పెట్టేవాడు. ఆ తర్వాత నేను టీ తీసుకుపోయినప్పుడల్లా బల్ల మీది పనిపైన గుడ్డ కప్పేవాడు.

ఇప్పుడు ఆ వీధిలో, తమ ఉపాయం ఎవరన్నా చూసి ఎత్తుకుంటారని, ఆయుధపూజకు ఎవరూ మిషను విప్పరు, అట్టపెట్టె మీదనే బొట్టు పెట్టి షట్టరు సగం దించుకుంటారు. వాళ్లది తప్పనడానికి నాకు నోరు రాదు. కొట్టు ఖాళీ చేసిన దినం కూడా ఆ గుడ్డ ఎత్తి చూడడానికి నాకు చేయి రాలేదు, కింద ఏముండెనో ఆ గుడ్డతోపాటే పాత ఇనుములోకి ఎత్తించాను.