అరచేతిలో ఇంజను

చెవి మేస్త్రీ అని ఆయనకు ఎవరు పేరు పెట్టారో గానీ, మనిషిని చూసే పెట్టారు. పాత కారు ఏదైనా షెడ్డు ముందుకు రాగానే ఆయన పనిముట్ల పెట్టె జోలికి వెళ్ళేవాడు కాదు. ఇంజను ఆపొద్దని సైగ చేసి, జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, కొనను ఇంజనుకూ చెక్క పిడిని చెవికీ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కారు తెచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. కాసేపటికి కళ్ళు తెరిచి, నిప్పు పుట్టించే పాయింట్లు అరిగాయనో, రెండో ప్లగ్గులో నిప్పు సరిగ్గా పడటం లేదనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. ఏళ్ళ తరబడి చెవికి రాసుకుని రాసుకుని ఆ పిడి నున్నబడిపోయింది. భోజనానికి కూర్చున్నా అది జేబులోనే ఉండేది. "పెళ్ళి నాతో చేసుకుని కాపురం దానితో చేస్తున్నారు" అని భార్య దెప్పేది.

ఆవిడ బట్టలు కుట్టేది. షెడ్డుకూ ఆవిడ కుట్టు గదికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో తలుపు. కాలితో తొక్కే మిషను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ ఇంజన్ల రొదకు తల బద్దలయ్యేది. తర్వాత్తర్వాత ఆవిడకు తెలియకుండానే ఆవిడ పాదం గోడ అవతలి ఇంజనుతో జత కలిసింది. అది నెమ్మదిగా తిరిగితే మిషనూ నెమ్మదిగా తిరిగేది, అది జోరందుకుంటే ఇదీ అందుకునేది. ఇంజను ఎక్కడైనా తడబడిందా, పాదం తడబడేది, కుట్టు వంకరపోయేది. విప్పి మళ్ళీ కుట్టుకుంటూ మొగుణ్ణి లోలోపల తిట్టుకునేది. ఇదొక విద్య అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేది కాబోలు. కుట్టు చెడటం తప్ప అందులో ఆవిడకేమీ కనపడలేదు.

అంతటి మేస్త్రీకి చెవులు మొరాయించాయి. ముందు రేడియో గొంతు పెరిగింది. ఆ తర్వాత వీధి తలుపు ఎవరో దబదబా బాదుతున్నా పక్కనే కూర్చుని నింపాదిగా పేపరు తిరగేసేవాడు. ఆవిడకు సంగతి తెలిసిపోయింది, అయినా పైకి అనలేదు. ఆయనకూ తెలుసు, ఆయనా అనలేదు. ఒకే రహస్యాన్ని మొగుడూ పెళ్ళాం ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ ఒకే కప్పు కింద బతకడం చూడ్డానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆయన మాత్రం ఏం చేస్తాడు? చెవి పోయిన చెవి మేస్త్రీ దగ్గరికి కారు ఎవరు తెస్తారు? అందుకే స్క్రూడ్రైవర్ చెవికి ఆనించడం మానలేదు. ఆనించి, కళ్ళు మూసి, తెరిచి, ఏదో మాటవరసకు అన్నట్టు తలుపు వైపు తిరిగి "ఎలా ఉందే?" అని అడిగేవాడు. ఆవిడ పెదవుల వంకే చూసేవాడు. ఆవిడ "బాగుంది" అనేది.

ఈ నాటకం నర్సమ్మ కారు దగ్గర బెడిసికొట్టింది.

నర్సమ్మ ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసే మనిషి. ఆవిడ కారు ఆవిడ ఉద్యోగం కంటే పాతది. ఎండ కాస్తే చక్కగా నడిచేది, గాలిలో తడి తగిలిందంటే దగ్గి, మూలిగి ఆగిపోయేది. మేస్త్రీ మొదటిసారి ప్లగ్గులన్నీ కొత్తవి వేశాడు. రెండోసారి పాయింట్లు గీకి, వాటి మధ్య సందు సరిచేసి, కండెన్సర్ మార్చాడు. రెండుసార్లూ భార్యను అడిగాడు. రెండుసార్లూ ఆవిడ బాగుందనే చెప్పింది.

నిజానికి బాగాలేదు. కొత్త ప్లగ్గులు వేసిన రోజు నుంచే ఎక్కడో ఒక దెబ్బ తప్పుతోంది. మూడు గట్టిగా పడుతున్నాయి, నాలుగోది ఉండీ ఉండనట్టుగా ఉంది. ఆ రోజు ఆవిడ కుట్టిన దిండు గలీబుల అంచులు చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. కానీ బాగాలేదని అంటే, నాకు వినపడలేదే అన్న మాట ఆయన నోట రావాలి. ఆ మాట వినే ధైర్యం ఆవిడకు లేదు.

ముసురు పట్టిన ఒక రోజు కారును తాడు కట్టి లాక్కొచ్చారు. వెనకాలే నర్సమ్మ నడిచి వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మేస్త్రీగారూ, నిన్న పొద్దున చినుకుల్లో దారి మధ్యలో ఆగిపోయింది. అవతల ఓ పిల్ల నొప్పులు పడుతోంది. పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు లెండి. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం మీకు ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

ఆయన ఆవిడ పెదవుల మీంచి చూపు తిప్పలేదు. "సాయంత్రం రండమ్మా. ఈసారీ బాగవకపోతే, ఈ కారును ఇంకో షెడ్డు దాకా నేనే తోసుకెళ్తాను. నా షెడ్డు మళ్ళీ తెరవను" అన్నాడు.

తలుపు దగ్గర కత్తెర పట్టుకుని నిలబడ్డ భార్య అదంతా విన్నది. తను ఇంట్లో కూర్చుని చెప్పిన చిన్న మాట ఎవరో తెలియని పిల్ల పురిటి మంచం దాకా వెళ్ళిందని అప్పుడు తెలిసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

నర్సమ్మ వెళ్ళాక ఆయన కారు చుట్టూ ఓసారి తిరిగాడు. స్క్రూడ్రైవర్ తియ్యలేదు. భార్య వైపు తిరిగి, "నువ్వు ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తే. నల్ల గుడ్డ ఉంటే అదీ తే" అన్నాడు.

కారును వెనక గోడ దాకా నెట్టి, పొగ బయటికి పోయేలా దాని గొట్టానికి పాత రబ్బరు పైపు తొడిగి గోడ కంతలోంచి అవతలికి వదిలాడు. షట్టర్ దించాడు. కిటికీకి నల్లగుడ్డ కట్టాడు. మిట్టమధ్యాహ్నం షెడ్డులో చీకటి పడింది. ఇంజను స్టార్ట్ చేసి, "ఇటొచ్చి నిలబడు. చెయ్యి మాత్రం పెట్టకు" అని, తీగల మీదికి సన్నగా నీళ్ళు చల్లాడు.

ఇంజను దగ్గింది. చీకట్లో నీలం వెలుగు లేచింది.

ముందు ఒక తీగ మీంచి పక్కనున్న ఇనుము మీదికి దారప్పోగంత వెలుగు దూకి మాయమైంది. మళ్ళీ దూకింది. తర్వాత, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్ మూత మీద ఊదారంగు కొమ్మలు పుట్టాయి. అవి చీలి, ఇంకా సన్నగా చీలి, ఆరిపోయి, మళ్ళీ చిగురించాయి. వెలుగు దూకిన ప్రతిసారీ ఇంజను తడబడింది. దానితోపాటు, అలవాటుగా నేల మీద తాళం వేస్తున్న ఆవిడ పాదమూ తడబడింది. ఇన్నేళ్ళుగా గోడ అవతల కూర్చుని విన్నదానికి ఒక రూపం ఉందని, అది ఇంత అందంగా ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఈ మనిషి పొద్దస్తమానం ఇలాంటి నిప్పుతో చెలగాటమాడి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి తువ్వాలు ఎక్కడుందని అడుగుతాడా!

"ఇదా మీరు రోజూ పట్టుకునేది?" అంది.

జవాబు లేదు. చీకట్లో పెదవులు కనపడవు కదా.

ఆయన ఇంజను ఆపి, టార్చి వెలుగులో ఆ మూత విప్పాడు. లోపల పెన్సిలుతో గీసినట్టు సన్నటి బీట. తడి తగిలితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ అడ్డదారిన పారిపోతోంది. మూత మార్చి, వెలుగు దూకిన తీగనూ మార్చి, టార్చి ఆర్పి, ఇంజను స్టార్ట్ చేసి మళ్ళీ నీళ్ళు చల్లాడు. ఈసారి వెలుగు లేదు. అంతా నల్లగా, ప్రశాంతంగా ఉంది.

"ఎలా ఉందే?" అన్నాడు.

ఆవిడ విన్నది. దగ్గు పోయింది. కానీ ఆ నాలుగో దెబ్బ ఇంకా ఉండీ ఉండనట్టే ఉంది.

"బాగాలేదండీ" అంది. ఆయనకు అందలేదు.

"ఎలా ఉందే? చెప్పూ." ఆ గొంతులో భయం ఉంది. ఆయన గొంతులో భయం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఊరుకుంటే ఇప్పటికైతే గండం గడిచిపోతుంది. కానీ ఆ పిల్ల, పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తిన నర్సమ్మ కళ్ళముందు మెదిలారు. ఆవిడ చీకట్లో తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుంది. అరచేయి తెరిచి, అందులో వేలితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో చోట వేలు ఊరికే తగిలీ తగలనట్టు తగిలింది. మళ్ళీ ఒకటి, రెండు, మూడు.

ఆయన బిగుసుకుపోయాడు. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"మళ్ళీ కొట్టు" అన్నాడు. ఆవిడ కొట్టింది. చాలాసేపు కొట్టింది.

"నాకు వినపడటం లేదే" అన్నాడు చివరికి, ఆ చీకట్లోనే.

ఆవిడ ఆ చేతిని గట్టిగా నొక్కింది. ఆయన వెళ్ళి షట్టర్ ఎత్తాడు. వెలుగులో ఇద్దరూ కొత్తవాళ్ళలా మొహమొహాలు చూసుకున్నారు.

"రెండుసార్లూ మీకు అబద్ధం చెప్పాను" అంది.

"నేను అడిగిందీ అబద్ధమేగా" అన్నాడు. "ఇదంతా ఎప్పట్నుంచి వినపడుతోంది నీకు?"

"పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ."

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. నీలం వెలుగును చూసినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో, ఇప్పుడు ఆయన మొహం అలా ఉంది.

రబ్బరు పిడి పటకారుతో ఆయన ఒక్కో ప్లగ్గు తీగా ఊడదీసి మళ్ళీ తగిలిస్తుంటే, ఆవిడ ఆయన వీపు మీద వేలితో ఇంజను నడక చెప్పింది. తీగ ఊడదీసిన ప్రతిసారీ నడక కుంటుపడింది. ఒక్క తీగ దగ్గర మాత్రం ఊడదీసినా పెద్ద తేడా రాలేదు. "ఇదే" అన్నాడు. ప్లగ్గు తీసి చూస్తే దాని తెల్లటి పింగాణీ మీద వెంట్రుక వాసి పగులు. తన చేత్తో వేసిన కొత్త ప్లగ్గే.

"కొత్తదని కళ్ళు మూసుకుని నమ్మాను" అని తల కొట్టుకుని నవ్వాడు. డబ్బాలో పడేసిన పాత ప్లగ్గే తీసి, తోమి, బిగించాడు.

సాయంత్రం నర్సమ్మ వచ్చేసరికి ముసురు ఇంకా విడవలేదు. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు కార్లవాళ్ళు ఉన్నారు. ఆయన వాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. "నాకు చెవులు పోయాయి నర్సమ్మా. ఇకనించి ఈవిడ విని చెబుతుంది, నేను చేస్తాను. ఇష్టమైతేనే తెండి."

నర్సమ్మ ఆయన్నీ ఆవిడనూ మార్చి మార్చి చూసి, కార్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

ఆయన జేబులోని స్క్రూడ్రైవర్ తీసి భార్య చేతికిచ్చాడు. ఆవిడ బెరుగ్గా దాని కొనను ఇంజనుకూ, ఆయన చెవికి నున్నబడిన పిడిని తన చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆయన ఎలా ఉందని అడగలేదు. ఊరికే అరచేయి చాపాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.