జీపు ముఖం ఎవరిది

నాగర్‌కర్నూల్ కోర్టులో నా దగ్గరికి వచ్చేవన్నీ భూముల తగాదాలే. గట్టు జరిగిందని ఒకరు, బోరు మాదని మరొకరు, అన్నదమ్ముల పంపకాలు, పాస్‌బుక్కులో తప్పు పడ్డ సర్వే నంబర్లు. ఎప్పుడో ఒకరోజు వీడియో గేమ్ కాగితాలు కూడా నా బల్ల మీదికి వస్తాయని ఎవరైనా అని ఉంటే వాళ్లకు టీ తాగించి పంపేసేదాన్ని. అసలు ఆ ఆటలంటేనే నాకు చిరాకు. మా చెల్లెలి పిల్లలు సెలవులకు వస్తే మొదట ఫోన్లు గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

అలాంటి నా దగ్గరికి ఒక ఆదివారం పొద్దున మా పక్కింటి అమ్మాయి ఒప్పందం కాగితాలు పట్టుకుని వచ్చింది. వాళ్ల నాన్న ఒకప్పుడు అచ్చంపేట నుంచి అమ్రాబాద్‌కు సవారీ జీపు నడిపేవాడు. షుగర్ వచ్చి కుడిపాదం మొద్దుబారాక, బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియడం లేదని తనంతట తానే మానేసి బండి అమ్మేశాడు. ఆయనకున్న ఒక్కగానొక్క కూతురు ఈ అమ్మాయి. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీలకు ఆటల బొమ్మలు గీసి పెడుతుంది. చెట్లు, ఇళ్లు, కత్తులు, ఏది అడిగితే అది.

"అక్కా, జర ఇది సదివి చెప్పు. నేను సంతకం పెట్టొచ్చా?" అంది.

ఇన్నాళ్లూ ఇతరులకు గీసిపెట్టిన ఆ అమ్మాయి, తీరిక దొరికినప్పుడల్లా తన కోసం ఒక ఆట తయారు చేసుకుందట. దాన్ని జనంలోకి తెస్తామని హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. ఆటలో ఉన్న ప్రతి బొమ్మా, ప్రతి పేరూ నా సొంతమే, వేరే ఎవరి హక్కుకైనా భంగం కలిగితే నష్టమంతా నేనే భరిస్తాను, అని ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. చదివేవాళ్లు సాధారణంగా దాటేసి పోయే షరతు అది. నేను అక్కడే ఆగాను.

"ఏదీ, ఆట చూపెట్టు" అన్నాను.

చూపించింది. ఆటంటే తుపాకులు, అరుపులు అనుకున్నదాన్ని. ఇందులో ఒక జీపు ఉంది. అచ్చంపేటలో సవారీలను ఎక్కించుకుని, మన్ననూరు ఘాటు ఎక్కి, అమ్రాబాద్‌లో దించాలి. ముందు చేరినవాడు గెలిచినట్టు కాదు, ఎక్కినవాళ్లందరినీ క్షేమంగా దించినవాడు గెలిచినట్టు. చేన్ల దగ్గర లేచిన ఎర్రదుమ్ము అడవిలోకి వెళ్లేసరికి పలచబడుతుంది. ఘాటు దగ్గర ఇంజను మూలుగుతుంది. రోడ్డు మీద కోతులు కూర్చుని లేవనంటాయి. గంపలతో ఎక్కిన ఆడవాళ్లు ఒకరినొకరు కసురుకుంటారు. నేను పంతం పట్టి ఆడి ప్రతిసారీ జనాన్ని లోయలో పడేశాను, ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇంత పని మా గోడ అవతల జరుగుతుంటే నాకు తెలియనే లేదు.

ముచ్చట పడటం అయ్యాక లాయరునయ్యాను.

"ఈ బండి బొమ్మ నీ సొంతమా?"

"మా అబ్బదక్కా."

"మీ అబ్బ బండి కొన్నడు. బండి రూపం కొన్లేదు. అది తయారు చేసిన కంపెనీది. పేరేం పెట్టినవ్?"

"జీపు."

"అది కూడ కంపెనీ పేరే."

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "కంపెనీ పేరేందక్కా? జీపంటె జీపే గద."

ఆమె తప్పేం లేదు. మా పాలమూరు మనిషి ఎవరైనా ఈ పొరపాటు చేస్తారు. గుండ్రటి లైట్లున్నదీ జీపే, పొడుగ్గా ఉన్నదీ జీపే, పోలీసులు వచ్చేదీ జీపే. తహసీల్దారు ధగధగలాడే కొత్త కారులో దిగినా పెద్దమందడిలో మా మేనత్త "జీపొచ్చింది" అనే అంటుంది. ఆ మాట మీద ఒకరికి హక్కుంటుందని చెబితే, బియ్యం అనే మాట మీద హక్కుందన్నట్టే ఉంటుంది మావాళ్లకు.

ఆ తర్వాత కోర్టులో వాయిదాల మధ్య దొరికిన కాస్త సమయంలో నేను ఈ సంగతే చదివాను. బండి ఆకారాన్ని డిజైనుగా నమోదు చేసుకుంటే ఆ హక్కు కొన్నేళ్లకు తీరిపోతుంది. కానీ బండి ముఖాన్ని, అంటే ముందరి పట్టీలూ లైట్లూ కలిసిన ఆ పోలికను, ట్రేడ్‌మార్కుగా పెట్టుకుంటే దాన్ని పొడిగించుకుంటూ పోవచ్చు. పెద్ద పెద్ద ఆటలవాళ్లు కార్ల కంపెనీలతో ఒప్పందం చేసుకుని, అనుమతి తీసుకున్నాకే బొమ్మ పెడతారట. కొన్ని కంపెనీలు మా కారు సొట్ట పడ్డట్టు చూపించొద్దని కూడా షరతు పెడతాయట. ఇక బానెట్ మీద ఇద్దరు, పైన కోళ్ల గంపలు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్లు ఉన్న బొమ్మకు ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? అడగడం కూడా దండగ.

"పేరు మార్చు, ముఖం మార్చు. అప్పటిదాక సంతకం పెట్టకు" అని తేల్చి చెప్పాను.

పేరు గురించి ఆమె పెద్దగా బాధపడలేదు. అక్కడే 'సవారి' అని పెట్టేసింది. ముఖం మాట వచ్చేసరికి మాత్రం కుర్చీలో ముడుచుకుపోయింది.

"ఇది అబ్బ కోసం చేసిన అక్కా. ఇంక ఆయనకు చూపెట్టలె. బండి అమ్మినకాడికెల్లి ఆయన దాని పేరెత్తడు. చూసి, ఇది నా బండే అనాలె. ముఖం తీసేస్తె ఎట్ల గుర్తువడ్తడు? గుర్తువట్టకపోతె దీన్ని నేను ఎవ్వరికియ్య."

చట్టం మీద నాకు కోపం రావడం అరుదు. అది నాకు అన్నం పెడుతున్నది కదా. ఆరోజు వచ్చింది.

ఆమె మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. మళ్లీ గీసింది. లైట్లు చదరంగా పెడితే పోలీసు బండిలా వచ్చింది. ముందుభాగం వెడల్పు చేస్తే ట్రాక్టరులా అనిపించింది. చెరిపేసింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోటోలో బండి తలుపు మాత్రమే కనిపిస్తుంది, దాని ముందు పూలదండలతో ఎవరో పెళ్లికొడుకు. అప్పుడొక రోజు గోడ దగ్గర నిలబడి ఆమె అడిగిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"ముందరిది కంపెనోల్లది అన్నవు, మంచిదే. ఎన్కభాగం వనపర్తిల పొడుగు చేయించిండు అబ్బ. అది కట్టినాయన ఉన్నడు గద. ఆయన ఇజాజత్ గూడ తీస్కోవాలె గదక్కా?"

అనుమతి అడగమని చట్టం చెప్పినచోట అడిగేవాళ్లే తక్కువ. చెప్పనిచోట కూడా అడగాలని ఈ పిల్లకు తోచింది. అంత పెద్ద మనసు ఉన్న కక్షిదారు నాకు ఎప్పుడూ దొరకలేదు. ఆ వారం వనపర్తి కోర్టులో నాకొక వాయిదా ఉంటే ఆమెను కారులో ఎక్కించుకుని పోయాను.

ఊరి చివర రేకుల షెడ్డు. ఒకప్పుడు జీపులకు బాడీలు కట్టిన పెద్దాయన ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీలు, ఇనుప గేట్లు చేస్తున్నాడు. కోర్టు నుంచి నేరుగా వెళ్లానేమో, నా నల్లకోటు చూడగానే వెల్డింగ్ ఆపేసి లేచి నిలబడ్డాడు.

"నేనేం కట్టలె మేడం. జీపుల పని ఇడిసిపెట్టి శానేండ్లాయె" అన్నాడు, మేమింకా ఏమీ అడగకముందే.

కేసు కాదు, ఆట సంగతి అని నచ్చజెప్పడానికి కొంతసేపు పట్టింది. ఆ అమ్మాయి తండ్రి ఎవరో చెప్పాక ఆయన ముఖం విచ్చుకుంది. స్టూళ్లు వేయించాడు, సోడాలు తెప్పించాడు. ఆమె ఫోన్‌లో బొమ్మ చూపించింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎన్క మంచిగొచ్చింది. ముందర గిట్ల లేకుండె బిడ్డా. నీకు యాదికి లేదా? మీ నాయినకు ఘాటుల అడివిపంది తగిలి రెండు లైట్లు పల్గినయి. అప్పుడు ముందర మొత్తం నేనే ఇనుప జాలీ కొట్టిన. నడిమిట్ల చంద్రవంక పెట్టుమన్నడు. పెట్టిన గని అరటిపండు లెక్కొచ్చింది. మీ నాయిన చూసి, ఉండనీ తియ్, దూరంకెల్లి ఎవలకు తెలుస్తది అన్నడు."

ఆమెకు నిజంగానే గుర్తు లేదు. చిన్నప్పుడు ఎక్కిందంటే తండ్రి పక్కన కూర్చునేది, రోడ్డును చూసేది. బండికి ఎదురుగా నిలబడి చూసేది సవారీలు. అందుకే ఆమె ఆ ముఖాన్ని ఇంటర్నెట్‌లో చూసి గీసింది. ఏ పట్టీలను, ఏ లైట్లను చెరపాల్సి వచ్చిందని ఇన్నాళ్లు బాధపడిందో, అవి వాళ్ల బండి మీద ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించనే లేదు.

పెద్దాయన సుద్దముక్కతో రేకు మీద జాలీ గీసి చూపించాడు, వంకర చంద్రవంకతో సహా. ఆమె ఫోటో తీసుకుని, చేతులు కట్టుకుని అడిగింది. "తాతా, ఇది మీరు చేసింది. నా ఆటల పెట్టుకోవచ్చా?"

ఆయన నా కోటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "పెట్టుకో బిడ్డా, సంతోషం. నేను చేసిన్నని మాత్రం యాడ రాయకు. బండ్లు పొడుగు చేసుడు రూలు కాదు. ఆర్టీవోల్లు ఫోన్లు చూడరా?"

తన పేరు వేయలేదని కోర్టుకెక్కేవాళ్లను చూశాను. పేరు వేయొద్దని బతిమాలిన హక్కుదారుణ్ణి అక్కడే చూశాను. తిరుగుదారి పొడుగునా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

ఆమె ముఖమంతా చెరిపేసి జాలీ వేసింది. చంద్రవంకను సరిదిద్దకుండా అలాగే ఉంచింది. నేను నింపాదిగా పరిశీలించి, ఇప్పుడు సంతకం పెట్టొచ్చు అన్నాను. భయమే లేదని మాత్రం అనలేదు, అది మా వృత్తిలో లేని మాట. ఆమెకు కావలసింది నా మాట కూడా కాదు.

ఒక సాయంత్రం వాళ్లింటికి రమ్మంది. ఆమె తల్లి, నేను మంచం మీద కూర్చున్నాం. మాకు ముందు కుర్చీలో ఆమె తండ్రి, ఎదురుగా స్టూలు మీద కంప్యూటర్. ఏ మీట నొక్కితే బండి కదులుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో ఆమె చెప్పింది. కాలితో పనిలేదు, అన్నీ వేళ్లతోనే. బండి ఎవరిదని మాత్రం చెప్పలేదు. ఇంట్లో వాళ్లు ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, ఆయన తెలుగు సవారీలతోనూ ఇరుగుపొరుగుతోనూ. ఆయన కూతురితో తెలుగులో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆయన తెర వైపు చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. బాగుందని అనలేదు, నాదని అనలేదు. ఆ పిల్ల చున్నీ కొసను వేలికి బిగించి చుట్టుకుంటోంది. నాకు తీర్పు చదవబోయే ముందు కోర్టు హాలులో ఉన్నట్టే ఉంది.

ఆయన మీట మీద వేలు పెట్టాడు, కానీ నొక్కలేదు. కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి, వెనక్కి తిరిగి, మా ఇద్దరి వైపు చూసి తెలుగులో అన్నాడు.

"అందరెక్కిండ్రా? జర లోపలికి జరుగుర్రి, ఇంకొకలు కూసుంటరు."

ఆమె తల్లి మంచం మీద జరిగింది. నేనూ జరిగాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, సంతకానికి నా పెన్ను అడిగింది.